ఉప్పుకు ఒకటే చుక్క

సీసాలు పారెయ్యడం నాకు చేతకాదు. ఇదేమీ గొప్పగా చెప్పుకోవలసిన గుణం కాదనీ, మా ఇంటికొచ్చినవాళ్ళు మంచం కింద గలగలమనే అట్టపెట్టెల్ని చూసి లోలోపల నవ్వుకుంటారనీ నాకు తెలుసు. కాఫీపొడి అయిపోతే సీసా మిగులుతుంది. తేనె అయిపోతే సీసా మిగులుతుంది. జామ్‌ను మా అమ్మాయి వేలితో గీకి గీకి నాకేస్తుంది గనక ఆ సీసా కడగకుండానే కడిగినట్టుగా మిగులుతుంది. "ఈ ఇంట్లో మనుషులకంటె సీసాలకే మర్యాద ఎక్కువ" అని మావారి ఫిర్యాదు.

పోనీ, ఇచ్చేద్దామన్నా తీసుకొనేవాడు లేడు. పాత సామాన్లు కొనే అతను ఆదివారం పూట మా వీధిలో కేక వేస్తాడు. పేపర్లు తూస్తాడు, ఇనుము తూస్తాడు, ప్లాస్టిక్ కూడా తూస్తాడు. గాజు అనేసరికి మొహం అటు తిప్పుకొంటాడు. బరువు ఎక్కువ, పైసలు తక్కువ, పగిలితే చెయ్యి తెగుతుందని అతని లెక్క. అతన్ని తప్పు పట్టలేం. గాజును ఎన్నిసార్లు కరిగించినా మళ్ళీ గాజే అవుతుందనీ, ఇసుకనూ సోడానూ సున్నపురాతినీ కొత్తగా కరిగించేకంటె పాత పెంకులు కలిపి కరిగిస్తే కొలిమికి తక్కువ వేడి చాలుననీ నేను చదివాను. మన భువనగిరి దగ్గరే పెద్ద సీసాల ఫ్యాక్టరీ ఉంది. కాని మీర్‌పేట్‌లో మా సందులోంచి అక్కడిదాకా నా జామ్ సీసాను మోసుకుపోయే మహానుభావుడెవరు? అంచేత అది మా మంచం కిందే ఉంటుంది.

ఈ విషయంలో ఇంట్లో నా పక్షాన నిలబడేది మా అత్తమ్మ ఒక్కరే. దానికీ ఒక కారణం ఉంది. 2020 అక్టోబరు వానలు మీకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. చెరువులు పొంగి, మా మీర్‌పేట్‌లో కొన్ని కాలనీలు మునిగిపోయాయి. మాది కింది వాటా. రాత్రికి రాత్రి ఇంట్లో మోకాటిలోతు నీళ్ళు వచ్చాయి. బియ్యం బస్తా తడిసింది, పిండి డబ్బా మూత ఊడి పాయసమయింది, నా పెళ్ళినాటి చీరలున్న పెట్టె సంగతి ఇక చెప్పను. నీళ్ళు తీశాక వెతుక్కుంటే, అటక కింద ఒక మూల, బురదలో పక్కకు ఒరిగి, నాలుగు గాజు సీసాలు కనిపించాయి. తేలుతూ తేలుతూ అక్కడికి చేరాయి కాబోలు. కడిగి మూత తిప్పితే లోపల కందిపప్పు కందిపప్పులాగే ఉంది. ఆ రోజు మేం తిన్న పప్పు ఆ సీసాలోదే. "చూసినవా బిడ్డా, సీస మాట తప్పదు" అన్నారు అత్తమ్మ. ఆ తర్వాత ఆవిడ ఎదుట సీసాలను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. 2024 జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కు వెళ్ళాం. అక్కడ ఒక దుకాణంలో రంగులు వేసిన సీసాలు వరసగా పెట్టారు. ఒకదానిమీద నెమలి, ఒకదానిమీద గులాబీలు, ఒకదానిలో చిన్న దీపం. ధర అడిగి, గుండె పట్టుకొని, పక్కకు జరిగాను. జరిగానే గాని కళ్ళు జరగలేదు. మంచం కింద ఇరవై ముప్ఫై సీసాలు పెట్టుకొని పరాయివాళ్ళ సీసా కొనడమేమిటి అనిపించింది. మర్నాడే దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి ఆక్రిలిక్ రంగులు, రెండు కుంచెలు, ఒక వార్నీష్ డబ్బా తెచ్చుకున్నాను. ఇంట్లో ఉప్పూ పప్పూ నిలవ చేసుకొనే గాజు సీసాలన్నీ ఒక ఆదివారం ఖాళీ చేసేశాను.

చెప్పొద్దూ, నాకు చిన్నప్పుడు బొమ్మలు బాగా వేస్తానని పేరు. పెళ్ళయ్యాక వేసినవి వాకిట్లో ముగ్గులే. వారం రోజులు మధ్యాహ్నాలు భోజనం కాగానే ఆ సీసాలతో కూర్చున్నాను. లేత గులాబి, లేత ఊదా, వెన్నరంగు. మెడనుంచి అడుగుదాకా నిండా పూసి, దానిమీద సన్న సన్న పూలు. అన్నీ ఆరాక అలమారలో రంగుల వరసన పేర్చాను. గులాబివన్నీ ఒక పక్క, ఊదావన్నీ ఒక పక్క. పక్కింటావిడ చూసి, "ఇది వంటిల్లా, బొమ్మల కొలువా!" అన్నది. నేను పొంగిపోయాను. అత్తమ్మ అలమార దగ్గరికి వచ్చి, మొహం దగ్గరగా పెట్టి, అటూ ఇటూ చూసి, "మంచిగున్నయి బిడ్డా" అన్నారు. అంతకంటె ఏమీ అనలేదు. ఆ 'అంతకంటె ఏమీ అనకపోవడం' అప్పుడు నా చెవికి ఎక్కలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అత్తమ్మకు కళ్ళలో నీటికాసులని 2022లోనే డాక్టరు చెప్పారు. కంటిలోపలి ఒత్తిడి పెరిగి, చూపు నరం మెల్లగా దెబ్బతినే జబ్బు అది. నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా, పక్కచూపునుంచి మొదలుపెట్టి దొంగలా తినుకుంటూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడానికి రోజూ చుక్కల మందు వేసుకోవాలి. ఎదురుగా ఉన్న మనిషిని ఆవిడ గుర్తుపడతారు. ముదురు రంగు, లేత రంగు పక్కపక్కనుంటే తెలుస్తుంది. లేతమీద లేత ఉంటే అంతా ఒకటే మసక. ఇవన్నీ డాక్టరు మాకు చెప్పారు, మేం తల ఊపాం, మందు తెచ్చుకొని ఇంటికి వచ్చాం. ఆ చెప్పినదానికీ మా వంటింటికీ సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు.

ఎందుకంటే అత్తమ్మ పనిలో ఎప్పుడూ తడబడలేదు. పొద్దున్న నేను లేచేసరికి పొయ్యిమీద చాయ్ ఉండేది. సీసా తీయడం, కిటికీ వెలుతురుకేసి ఒకసారి ఎత్తి చూడడం, చెంచా వెయ్యడం — అదంతా ఒకే కదలికలా జరిగిపోయేది. ఆ ఎత్తి చూడడం ఏదో పాత అలవాటు అనుకొనేదాన్ని.

ఫిబ్రవరిలో ఒకనాడు మా ఆడపడుచు అత్తమామలు వచ్చారు. వియ్యాలవారు! నేను మడత కుర్చీలు వేసి మర్యాదలు చేస్తుండగానే అత్తమ్మ వంటింట్లోకి వెళ్ళి చాయ్ పెట్టారు. ట్రే నేనే పట్టుకువెళ్ళాను. వియ్యంకుడుగారు ఒక గుక్క తాగి, కప్పు దించి, మా మామగారి ఫోటోకేసి దీక్షగా చూడడం మొదలుపెట్టారు. వియ్యపురాలికి అంత ఓపిక లేదు. "గిదేంది వదినా, చాయ్‌ల ఉప్పేసినవ్!" అని పెద్దగా నవ్వింది. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. అత్తమ్మ నవ్వలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడిపోయారు.

"పోనీయండి అత్తమ్మా, మీరు కూర్చోండి, నేను పెట్టుకొస్తాను" అన్నాను.

ఎంత మంచి మాట! కోడలన్నాక అట్లాగే అనాలని ఎవరైనా మెచ్చుకొంటారు. ఆ మరునాటినుంచి ఆవిడ వంటింటి గడప దాటలేదు. పొద్దున్న మంచంమీదే కూర్చొని ఉండేవారు. చాయ్ నేనిస్తే తాగేవారు. కూరగాయలు ముందు పెడితే తరిగేవారు. "వయసు మీద పడింది, ఇక విశ్రాంతి తీసుకోవద్దూ" అని మావారు తృప్తిపడ్డారు. నిజం చెప్పాలంటే నేనూ కొంత తృప్తిపడ్డాను. వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళుంటే ఉండే చిన్న చిన్న తగాదాలు, పోపులో ఇంగువ ముందా వెనకా అనే వాదాలు, ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ మాత్రం తినడం తగ్గించేశారు. అడిగితే "ఆకలైతలేదు బిడ్డా" అనేవారు.

ఏప్రిల్‌లో ఒక రాత్రి గాలివాన వచ్చి కరెంటు పోయింది. కూర పొయ్యిమీద ఉంది. ఉప్పు వెయ్యాలి. మావారి ఫోను మావారి దగ్గర, నా ఫోను చార్జింగు లేక చచ్చింది. సరే, నా వంటిల్లు, నా అలమార, నా చేత్తో పేర్చిన సీసాలు, దీనికి దీపమెందుకని చెయ్యి చాచాను. ఒక సీసా తీసి వేలు పెట్టి నాకితే పిండి. ఇంకోటి తీస్తే బొంబాయి రవ్వ. మూడోది చక్కెర. నాలుగోది మూత తిప్పితే కారం. వేలు నాలుక దగ్గరదాకా వెళ్ళి, ఘాటుకు ఆగింది. ఇంతలో కూర అడుగంటింది. ఆ చీకట్లో, ఆ మాడువాసనలో నిలబడి ఉండగా, కిటికీ వెలుతురుకు సీసా ఎత్తి చూసే చెయ్యి ఒకటి నాకు గుర్తుకొచ్చింది. ఉప్పు తెల్లగా పిండిలా ఉంటుంది, చక్కెర పలుకులు మెరుస్తాయి. గాజులోంచి ఆవిడ చూసుకొనేది దాన్ని. ఆ గాజుకు మెడనుంచి అడుగుదాకా రంగు పూసి మూసేసినదాన్ని నేను. అది చాలదన్నట్టు, ఏళ్ళ తరబడి ఆవిడ చెయ్యి ఎరిగిన చోటునుంచి ఒక్కొక్క సీసానూ కదిపి, రంగు కుదరాలని వరస మార్చినదాన్నీ నేనే. చాయ్‌లో ఉప్పు వేసింది అత్తమ్మ కాదు.

ఈ మాట మావారితో అంటే, "ఇప్పుడేం చేస్తాం, రంగు గీకెయ్" అన్నారు. మగవాళ్ళ పరిష్కారాలు ఎప్పుడూ ఇంత తేలిగ్గా ఉంటాయి. ఈసారి మాత్రం ఆయన మాట నిజమే అయింది. గీకవలసిన పని కూడా లేకపోయింది. మర్నాడు ఉప్పు సీసాను నీళ్ళలో నానబెట్టి తోముతుంటే, నా గులాబీలన్నీ పాము కుబుసంలా ఒక్క పొరగా ఊడి చేతికి వచ్చాయి. వారం రోజుల నా కళ, తూములోకి పోయింది.

అలిగి వసారాలో కూర్చొని ఉన్నాను. అత్తమ్మ ఆ పొరను చేతిలోకి తీసుకొని, వేళ్ళమధ్య నలిపి చూశారు.

"కింద ఏం పూసినవ్?" అన్నారు.

"కిందేమిటి? ఉత్త గాజుమీదే వేశాను."

"గట్లెట్ల నిలుస్తది? నకాశోళ్ళు బట్టమీద ఊకెనే రంగు పెడ్తరా?"

అత్తమ్మ పుట్టిల్లు చేర్యాల పక్క పల్లె, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. చేర్యాల నకాశీ పటాలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఎర్రని నేపథ్యంమీద కథంతా బొమ్మలుగా నడుస్తుంది. కులపురాణాలు చెప్పేవాళ్ళు ఆ పటం విప్పి, ఒక్కొక్క బొమ్మే చూపిస్తూ రాత్రంతా కథ చెప్పేవారు. చిన్నప్పుడు ఆవిడ ఆ ఇళ్ళముందు కూర్చొని చూసిందంతా ఆ రోజు నాకు చెప్పారు. బట్ట తీసుకొని, సుద్దమట్టి, బియ్యపు గంజి, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు నీళ్ళు కలిపి పూస్తారట. ఆరాక మళ్ళీ పూస్తారట. మళ్ళీ ఆరాక మళ్ళీ. అట్లా మూడు పూతలయ్యాకగాని బట్టకు రంగు పట్టుకొనే గుణం రాదు. "రంగుకు కాళ్ళుండయి బిడ్డా, నిలవడనీకె నేల మనమే ఎయ్యాలె" అన్నారు. రెండు నెలల్లో ఆవిడ అంతసేపు మాట్లాడడం అదే మొదలు.

దుకాణంవాణ్ణి మళ్ళీ వెళ్ళి అడిగితే అదే సంగతి అతని భాషలో చెప్పాడు. గాజు నున్నన, దానికి రంధ్రాలుండవు, రంగు పీల్చుకోదు. ముందు ప్రైమర్ అనే తెల్లపూత వెయ్యాలిట. మొదటిసారే ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "మీరు అడగలేదు కదండీ" అన్నాడు.

ఈసారి పని సావకాశంగా చేశాం. ఎవరికైనా పనికివస్తుందేమోనని ఇక్కడ రాస్తున్నాను. సీసాను వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా ఉంచితే కాగితం ఊడుతుంది. జిగురు మిగిలితే కొబ్బరినూనె, వంటసోడా కలిపి రుద్దాలి. ఆ నూనె పోయేదాకా సబ్బుతో కడగాలి. అది ఆరాక స్పిరిట్ ముంచిన దూదితో తుడవాలి. ఆ తుడిచిన చోట వేలు పెట్టకూడదు. మన వేలికున్న జిడ్డు చాలు, రంగు పొర లేవడానికి. గరుకు కాగితంతో పైపైన ఒకసారి రుద్దితే మరీ మంచిది. ఆ తర్వాత తెల్లపూత, పల్చగా రెండుసార్లు. తొందరపడి మందంగా ఒకేసారి పూస్తే కారి గడ్డలు కడుతుంది. ఒక్కొక్క పూతకూ ఒక రోజు విడవాలి. అంచుకు బొటనవేలెడు కిందే రంగు ఆపాలి. లోపల మాత్రం రంగు చుక్క పడకూడదు, అవి తిండికి తగిలే రంగులు కావు. అంతా అయ్యాక వార్నీష్. పూర్తిగా గట్టిపడడానికి మూడు వారాలు పడుతుంది. అప్పటికీ నీళ్ళలో నానబెట్టకూడదు, తడిగుడ్డతో తుడుచుకోవాలి.

రంగులు ఈసారి నా ఇష్టం కాదు. సీసా వెనకవైపు సగం ఏమీ పూయకుండా ఉత్త గాజుగా వదిలేశాను, వెలుతురుకు ఎత్తి చూసుకోవడానికి. ముందువైపు తెలుపు, దానిమీద ముదురు నలుపు, ముదురు ఎరుపు. నుమాయిష్‌లో పెడితే ఎవరూ కొనరు. మరి చీకటి మాటేమిటి, వెలుతురు లేని రోజు మాటేమిటి? రంగుల దుకాణంలో గోరింటాకు కోనులాంటి గొట్టం ఒకటి ఉంటుంది. నొక్కితే రంగు లావుగా వచ్చి, ఆరాక కూడా ఉబ్బుగానే నిలుస్తుంది, వేలికి తగులుతుంది. దానితో గుర్తులు పెడదామన్నాను.

మా అమ్మాయి ఏడో తరగతి. "అయితే బ్రెయిల్ రాద్దాం!" అని ఎగిరింది. లూయీ బ్రెయిల్ అనే ఫ్రెంచివాడు చిన్నతనంలోనే చూపు పోగొట్టుకొని, ఆరు చుక్కలతో అక్షరాలన్నీ కూర్చి, 1829లో అచ్చువేయించాడని నానమ్మకు పాఠం చెప్పింది. అత్తమ్మ అంతా విని, "నాకు కండ్లు మంచిగున్ననాడే అచ్చరం రాలె, ఇప్పుడు చుక్కల అచ్చరమేడ వస్తదే పిల్లా" అన్నారు. అని, కాసేపు ఊరుకొని, "చుక్కలైతే వస్తయి" అన్నారు.

రావా మరి! అరవై ఏళ్ళు వాకిట్లో చుక్కలు పెట్టిన చెయ్యి. ముగ్గు పెట్టేటప్పుడు ఆవిడ కళ్ళు నేలమీద ఉండవు, వచ్చేపోయే వాళ్ళమీద ఉంటాయి. వేళ్ళే కొలత చూసుకుంటాయి. కోను ఆవిడ చేతికి ఇచ్చాను. ఎడమచేతి బొటనవేలు సీసాకు ఆనించి, దాని పక్కన ఒక చుక్క నొక్కారు. గుండ్రంగా, మిరియపు గింజలా కూర్చుంది. నేను పెట్టిన చుక్క మాత్రం తోకచుక్కలా జారింది.

దేనికి ఎన్ని చుక్కలన్నది ఆవిడే తేల్చారు. ఉప్పుకు ఒకటి: "ఉప్పు లేంది ఏదైనా దండుగే, గందుకే అది ఫస్టు." చక్కెరకు రెండు. చాయ్‌పత్తికి మూడు. పసుపుకు చిన్న బొట్టులాంటి సున్న. కారానికి చుక్కలు కాదు, అడ్డంగా ఒక లావుపాటి గీత, "చెయ్యి తగలంగనే భయమవ్వాలె" అన్నారు. వంటసోడా మాత్రం ఈ వరసలోనే ఉండకూడదని పై అరలోకి పంపేశారు. పప్పులకు గుర్తులే అక్కర్లేదట. సీసా ఊపితే చప్పుడునుబట్టి కందిపప్పో, పెసరపప్పో చెబుతారు. మేం తల్లీకూతుళ్ళం కళ్ళు మూసుకొని ప్రయత్నించి ఓడిపోయాం. పాత వరస ప్రకారం అన్నీ మళ్ళీ పేర్చాం, ఏది ఎక్కడుండేదో నాకు జ్ఞాపకం లేక ఆవిడనే అడిగి.

మర్నాడు పొద్దున్న లేచేసరికి వంటింట్లో గిన్నె చప్పుడయింది. నేను మంచంమీదనుంచి లేవకుండా వింటూ పడుకున్నాను. మూత తిప్పిన చప్పుడు. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత చెంచా చప్పుడు. చాయ్ తెచ్చి నాకివ్వకుండా ముందు తానే ఒక గుక్క తాగి చూసుకొని, అప్పుడు నా చేతికిచ్చారు. ఇంగువ తగాదా ఆ మధ్యాహ్నమే మళ్ళీ మొదలయింది.

ఇది రాస్తున్న సమయానికి మళ్ళీ వియ్యాలవారు వస్తామని కబురు చేశారు. పొద్దున్నుంచి అత్తమ్మ అలమార దగ్గరే ఉన్నారు, ఒక్కొక్క సీసానూ తడిమి చూస్తున్నారు. ఇందాక నన్ను కేకేశారు. వెళ్ళి చూస్తే, తుడిచి తుడిచి చక్కెర సీసామీది రెండు చుక్కల్లో ఒకటి రాలిపోయింది. నేను రోజూ వాడుతున్నాను, గమనించలేదు.

"గిప్పుడిది ఉప్పయింది, సూడు" అన్నారు నవ్వుతూ. "ఆ కోను తే. వాండ్లు వచ్చేలోపల ఆరాలె."